తల్లులతో ముచ్చట: పిల్ల నటింపగోరినపుడు

ఒక తరము క్రిందట మన యిండ్లలో "అమ్మాయి సినిమాలో చేరెద ననుచున్నది" అను మాట వినబడినచో తల్లి కంట నీరును, తండ్రి కంట నిప్పును కనబడెడివి. ఇప్పు డట్లు లేదు. పదునాలుగేండ్ల పిల్ల అద్దము ముందు నిలిచి సంభాషణలు వల్లించుచుండగా తల్లియే చేతి ఫోనులో దానిని పట్టి బంధువులకు పంపుచున్నది. చేరవచ్చునా యను ప్రశ్న వెనుకబడి, ఎట్లు చేరవలె నను ప్రశ్న ముందునకు వచ్చినది. ఈ శీర్షికకు వచ్చు జాబులలో ఇది మాటిమాటికి కనబడుచున్నది.

వానిలో ఒక సోదరి వ్రాసిన జాబు మమ్ము మిక్కిలి కలవరపెట్టినది. ఆమె కుమార్తెకు పదునైదేండ్లు. పదవ తరగతి చదువుచున్నది. పాఠశాల వార్షికోత్సవమున నాటిక యాడి బహుమతి పొందినది. ఆ ఫొటో చూచితి మని యెవరో ఫోను చేసి, "మీ అమ్మాయి ముఖము వ్యాపార ప్రకటనలకు చక్కగా తగును. ముందు నలుబదివేల రూపాయలు కట్టి మాయొద్ద ఫొటోలు తీయించుకొనుడు. పిమ్మట అవకాశములు వరుసగా వచ్చును" అనిరట. చేతి గాజులు కుదువబెట్టి ఆ సొమ్ము కట్టుదునా యని ఆమె యడుగుచున్నారు.

కట్టవలదు. ఈ యొక్క మాట ముందు చెప్పి, ఎందులకు వలదో, అది వలదన్నచో మఱి త్రోవ యేదో ఈ మాసము వ్రాయుచున్నాము. ఆడపిల్లలను గూర్చియే యెక్కువగా వ్రాసినను మగపిల్లల తల్లులును దీనిని తమకు చెప్పినట్లే గ్రహింపవలెను.

నటన యొక వృత్తి. ఏ వృత్తియందైనను పని చేయించుకొనువారు చేయువారికి ప్రతిఫల మిత్తురు. తలుపు చేయించుకొనవచ్చినవాడు వడ్రంగిచేత ఎదురు సొమ్ము కట్టించుకొనుట మన మెన్నడైన చూచితిమా? సినిమాకైనను, ధారావాహికకైనను, సబ్బు ప్రకటనకైనను పిల్లను నిజముగా కోరువారు డబ్బు ఇచ్చువారే గాని పుచ్చుకొనువారు కారు. "సభ్యత్వ రుసుము", "పేరు నమోదు", "తిరిగి యిచ్చు డిపాజిట్టు", "దుస్తుల ఖర్చు", "మా స్టూడియోలో తీసిన పోర్ట్‌ఫోలియో మాత్రమే చెల్లును" అని పే రేది పెట్టినను సరుకొక్కటే. పని కుదిర్చిన ఏజెంటు తన వంతు పుచ్చుకొనుట కలదు, అది న్యాయమే. కాని ఆ వంతు పిల్లకు ముట్టిన ప్రతిఫలములోనుండి పోవలెనే గాని, పని లేకమునుపు తల్లి కొంగుముడి నుండి కాదు. ఇక నటన నేర్పు గురువునకు జీత మిచ్చుట వేఱు సంగతి. గురువు చదువు చెప్పుదు ననును, చదువు చెప్పును. "నేర్పెదము, వేషము నిప్పించెదము" అని రెంటిని ఒక్క రశీదులో వ్రాయువారిని చూచి జాగ్రత్తపడవలెను.

డబ్బు కట్టి ద్వారము తెఱపించుకొనుట కాదన్నచో ద్వార మెట్లు తెఱచుకొనును? మనకు తెలిసిన గొప్ప నటీమణుల చరిత్రలే దీనికి సమాధానము చెప్పుచున్నవి.

జమునగారు 1936లో హంపిలో పుట్టి గుంటూరు మండలము దుగ్గిరాలలో పెరిగిరి. చిన్ననాడే నాటకములలో వేషములు వేసిరి. ప్రజానాట్యమండలివారి "మాభూమి" నాటకమున ఆమె నటనను డాక్టరు గరికపాటి రాజారావుగారు చూచి తమ "పుట్టిల్లు" చిత్రమునకు నాయికగా తీసికొనిరి. ఆ చిత్రము 1953లో వెలువడునప్పటికి ఆమెకు పదునాఱేండ్లు. అంజలీదేవిగారు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములనుండి సి. పుల్లయ్యగారి "గొల్లభామ"లోనికి 1947లో వచ్చిరి. ఆ క్లబ్బులోనే ఎస్.వి. రంగారావుగారును, రేలంగిగారును రంగమున ఆరితేఱిరి. ఇంకను వెనుకకు పోయినచో, 1885లో కడప మండలము సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు నెలకొల్పిన సురభి నాటక సమాజము కలదు. ఇతర సమాజములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచున్న కాలమున సురభివారి యిండ్ల స్త్రీలు తామే రంగమెక్కిరి. వారి పిల్లలు నడక నేర్చుచునే వేషములు వేసిరి.

వీరిలో నెవ్వరును ఫొటో చూచి యెన్నుకొనబడినవారు కారు. చేయుచున్న పనిని చూచి పిలువబడినవారు. ఈ తేడాను మన పిల్లలు బాగుగా గ్రహింపవలెను. ముఖము నచ్చి పిలిచినవాడు రేపు మఱియొక ముఖము నచ్చగా మఱచిపోవును. పని నచ్చి పిలిచినవాడు మఱల పిలుచును.

కనుక పిల్ల నటింపగోరినపుడు మొదట అడుగవలసినది, "ఎక్కడ నటించుచున్నావు?" అని. పాఠశాలలో నాటిక వేయుచున్నారా? ఊరిలో పరిషత్తు నాటకము లాడు సమాజ మున్నదా? వేసవి సెలవులలో నాటకశిబిర మేదైన జరుగుచున్నదా? ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమునకు పిల్లల నాటకములకై ప్రత్యేకముగా ఒక శాఖ కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వవిద్యాలయమునను రంగస్థల కళల శాఖలున్నవి. అచటి విద్యార్థులు నాటకములు ప్రదర్శింతురు. పిల్లను వెంటబెట్టుకొని చూచివచ్చుట కేమి కష్టము? చలనచిత్ర కళాశాలల విద్యార్థులు పాఠ్యక్రమములో భాగముగా చిన్న చిత్రములు తీయుదురు. వారికి పదునాఱేండ్ల అమ్మాయి, పదునైదేండ్ల అబ్బాయి వలయుచునే యుందురు. ప్రతిఫలము స్వల్పము, లేదా సున్న. కాని కెమెరా యెదుట నిలుచుట, గీచిన గుర్తుమీద ఆగుట, ఒకే మాటను పదిమాఱులు ఒకే తీరున చెప్పుట, ఎండలో ఓర్పుతో వేచియుండుట అన్నియు అచట అబ్బును. పైగా చేసిన పని యొకటి చూపుటకు చేత నుండును.

ఈ సందర్భమున చదువును గూర్చి ఒక మాట. నటియగు పిల్లకు చదువేల యని కొందఱు తొందరపడి బడి మాన్పింతురు. జాతీయ నాటక విద్యాలయపు ప్రధాన శిక్షణలో చేరుటకు పట్టభద్రత వలయును. అనగా ఈ దేశమున నటనను శాస్త్రముగా నేర్పు ముఖ్యమైన తలుపే డిగ్రీ లేనివారికి మూయబడి యున్నది. పదవ తరగతిలో బడి మానిన పిల్ల సినిమాను చేరుకొనుట లేదు; దానికి దూరమగుచున్నది.

ఇక నేర్వవలసిన వానిలో మేము వాచికమునకే పెద్దపీట వేయుదుము. నేటి పిల్లలకు నృత్యము వచ్చును, ముఖభంగిమలు వచ్చును. నోరు తెఱచి నాలుగు తెలుగు వాక్యములు తొట్రుపాటు లేక చదువుట రాదు. శ, ష, స లకు భేదము లేదు. ళకార మంతకంతకు మాయమగుచున్నది. దినమున కరగంట పిల్లచేత బిగ్గరగా చదివింపుడు. పత్రికలోని వార్తయైనను సరే, కథయైనను సరే. మొదటిసారి అర్థమునకై, రెండవసారి ఊపిరి యెచ్చట తీయవలెనో తెలిసికొనుటకై, మూడవసారి ఎదుట నున్న మనిషికి చెప్పుచున్నట్లు. తల్లి వంట చేయుచునే వినవచ్చును. "నా కిది అర్థము కాలేదు" అని తల్లి యన్నచోట పిల్ల మఱల చదువవలెను. ఈ బడికి జీతము లేదు.

ఇంటి యాసను దాచుకొనవలెనని మాత్రము పిల్లకు నేర్పవలదు. పుస్తకభాషను స్పష్టముగా పలుకుటయు, తన యూరి మాటను తన యూరి మాటగా పలుకుటయు రెండును రావలెను. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం" చిత్రమున నటించినవారిలో పెక్కురు విశాఖపట్టణములోని ఆ పేటకు చెందిన సామాన్యులు, తెరకు క్రొత్తవారు. 2023లో వచ్చిన "బలగం" తెలంగాణ పల్లెమాటతోడనే జనుల హృదయములలో చొచ్చినది. కరీంనగరపు పిల్ల తన పలుకును, శ్రీకాకుళపు పిల్ల తన పలుకును పోగొట్టుకొనుట చేతిలోని సొత్తును పాఱవేసికొనుటయే.

పిల్ల కొంత పని నేర్చినది, ఒకటి రెండు చోట్ల నటించినది. అప్పుడు నటీనటుల నెన్నుకొనువారికి తన్ను చూపుకొనవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసిన ఫొటోలు మూడు నాలుగు: ముఖము దగ్గఱగా నొకటి, నడుమువఱకు నొకటి, నిలువునా నొకటి, ప్రక్కనుండి నొకటి. పగటి వెలుతురున, కిటికీ దగ్గఱ, బోసిగోడ ముందు, రంగులు పూయని ముఖముతో తీసిన ఫొటోలే వారు కోరుదురు. పెండ్లి యలంకారమున తీసినవి కావు. ఫోనులలో ముఖమును తెల్లగా నున్నగా మార్చు ఉపాయములు వాడవలదు. ఎన్నికకు పోయిననాడు ఫొటోలోని పిల్ల వేఱు, ఎదుటనున్న పిల్ల వేఱుగా నున్నచో వచ్చిన దారినే పంపుదురు. ఆఱునెలలకు పిల్ల రూపము మాఱు వయసిది కనుక ఫొటోలను మాఱుమాఱు తీయవలసియే యుండును. ఇందులకు నలుబదివేలు పోయుట యెంత వెఱ్ఱితనమో చూడుడు.

ఈనాడు ఆడిషను తొలిమెట్టు పెక్కుమాఱులు ఇంటనుండియే జరుగుచున్నది. వారు నాలుగు పంక్తుల సంభాషణ పంపుదురు. మనము ఫోనులో చిత్రించి పంపవలెను. పిల్ల మొదట తన పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, కుడిప్రక్కకు ఎడమప్రక్కకు తిరిగి ముఖము చూపును. పిమ్మట సంభాషణ. ఎదుటి పాత్ర మాటలను తల్లియో అన్నయో ఫోను వెనుకనుండి మెల్లగా చదువవలెను. కెమెరా దగ్గఱ నున్నవారు బిగ్గరగా చదివినచో పిల్ల గొంతు మునిగిపోవును. పంకా ఆపుడు, కుక్కరు ఆపుడు. నాలుగైదు మాఱులు తీసి మంచిదానిని పంపి, దానిని మఱచిపోవుడు. ఇంటి చిరునామాను, పాఠశాల పేరును అందు చెప్పింపవలదు. స్నానపు దుస్తులలోను, ఒంటి మీది బట్ట సగముగాను ఫొటో పంపుమని యెవరైన అడిగినచో వారితో మాట అంతటితో ముగింపవలెను. ఎందుకని విచారింపవలసిన పని లేదు.

పిలుపు నిజమా బూటకమా యని తెలియుటెట్లని అడుగుదురు. ఫోను చేసినవారిచ్చిన సంఖ్యకు కాక, ఆ నిర్మాణసంస్థ కార్యాలయపు సంఖ్యను మనమే వెదకి ఫోను చేసి, ఇట్టి చిత్రమున్నదా, ఈ పేరుగలవారు మీ తరఫున పిలుచుచున్నారా యని అడుగవలెను. నిజమైనవా రిందులకు కోపింపరు. రమ్మన్న స్థలము స్టూడియోయో కార్యాలయమో కావలెను. హోటలు గది కారాదు. పగటివేళ కావలెను. తల్లియో తండ్రియో పిల్ల కనబడునంత దూరమున నుండవలెను. "తల్లి బయట కూర్చుండిననే పిల్ల స్వేచ్ఛగా నటించును" అన్న మాట విన్న క్షణమున చెప్పులు తొడుగుకొని రావలెను. ఇది మా యతిశంక యని కొంద ఱనవచ్చును. కేరళ ప్రభుత్వము 2017లో నియమించిన జస్టిస్ హేమ సంఘపు నివేదిక 2024 ఆగస్టులో వెలువడినది. పనికై వచ్చిన స్త్రీలను ఏమేమి కోరుదురో, కాదన్నవారి కేమి జరుగునో అందు చదివినచో శంక యతి కాదని తేలును. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికలపై జరుగు దుశ్చేష్టలకు 2012 నాటి పోక్సో చట్టము కఠినశిక్ష విధించుచున్నది. పిల్లలకు సహాయమునకై 1098 సంఖ్య కలదు. దానిని పిల్లకును కంఠస్థము చేయింపుడు.

వ్యాపార ప్రకటనలను గూర్చి వేఱుగా చెప్పవలసి యున్నది. చూచుటకు చిన్నపనివలె నుండును: ఇరువది ముప్పది క్షణముల చిత్రము, ఒకటి రెండు దినముల షూటింగు. క్రొత్తవారికి సినిమాకన్న ఈ ద్వారమే సులభము, ఏలయన వారికి పేరుపడిన ముఖము కాక ప్రక్కయింటి పిల్లవంటి ముఖము పెక్కుమాఱులు వలయును. కాని ఇందలి బేరము సినిమా బేరమువంటిది కాదు. ఇచట వారు కొనునది పిల్ల శ్రమను మాత్రమే కాదు, పిల్ల ముఖమును వాడుకొను హక్కును. కనుక ఒప్పందమున మూడు సంగతులు తేటగా నుండవలెను. ఎంతకాలము వాడుదురు? ఏ ప్రాంతమున? దేనిలో? టెలివిజనులో మాత్రమా, ఫోనులలోనా, దారిప్రక్క పెద్దబోర్డులపైననా? "ఎల్లకాలము, ఎల్లదేశముల, ఎల్లవిధముల" అని వ్రాసియున్న కాగితముపై చేవ్రాలు చేసినచో, పదునైదవయేట నవ్విన నవ్వును ముప్పదియవయేటకూడ వారు అమ్ముకొనవచ్చును. మఱియొకటి: ఒక టూత్‌పేస్టు ప్రకటనలో కనబడిన పిల్లను కొంతకాలమువఱకు మఱియొక టూత్‌పేస్టు వారు పెట్టుకొనరు, పెట్టుకొనరాదని మొదటివారు షరతు వ్రాయింతురు. ఆ యడ్డునకుకూడ మూల్యము కట్టవలెను. సొమ్ము షూటింగైన దినముననే రాదు, నెలలు పట్టుట కలదు. కావున తేదీ వ్రాయించుకొనుడు.

ఏ సరుకునకు ముఖ మిచ్చుచున్నామో అదియు నాలోచింపవలెను. నల్లని పిల్ల కన్నీరు కార్చుటయు, లేపనము పూయగానే తెల్లనై ఉద్యోగము పొందుటయు చూపు ప్రకటనలు మన మెన్ని చూచితిమి! నలుపును తక్కువగా చూపరాదని ప్రకటనల ప్రమాణమండలివారు 2014లో నియమము చేసిరి; 2020లో "ఫెయిర్ అండ్ లవ్లీ" తన పేరునే "గ్లో అండ్ లవ్లీ"గా మార్చుకొన్నది. పేరు మాఱినది గాని ఆ కోరిక మన యిండ్లలో మాఱినదా? చామనచాయ పిల్లను "సినిమాకు పనికిరావు" అని మొదట అనునది బయటివారు కాదు, మనమే. ఈ మాట మాకు చిరకాలముగా కొఱుకుడు పడనిది.

ఇప్పుడు చట్టము. దీనిని చదువుటకు విసుగుపడకుడు. ఇది మన పిల్లలకు కవచము. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలచేత పని చేయించుటను నిషేధించుచు, సినిమాలు, టెలివిజను ధారావాహికలు, ప్రకటనలు మొదలగువానిలో నటించుటకు మాత్రము షరతులతో నెడమిచ్చినది. ఆ షరతులు 2017 నాటి నిబంధనలలో నున్నవి. నిర్మాత షూటింగు జరుగు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. పిల్ల దినమున కైదు గంటలకు మించి పనిచేయరాదు. విశ్రాంతి లేక మూడు గంటలకు మించరాదు. వరుసగా ఇరువదియేడు దినములకు మించి పని కూడదు. చదువు తెగకుండ ఏర్పాటు నిర్మాతయే చేయవలెను. ఐదుగురు పిల్లలకు మించకుండ ఒక్కొక్క బాధ్యుడైన మనిషి వారి బాగోగులు చూడవలెను. పిల్ల ఇష్టము లేక చేయింపరాదు. మఱియు పిల్ల సంపాదనలో నూటికి ఇరువది వంతులకు తక్కువ కాకుండ జాతీయ బ్యాంకులో పిల్ల పేర స్థిరనిక్షేపముగా వేయవలెను. అది వయసు వచ్చిన పిమ్మట పిల్లకే చెందును.

ఇంతవఱకు బాగున్నది. కాని తల్లులు గమనింపనిది యొకటి కలదు. ఈ నిబంధనలలో "బాల" అనగా పదునాలుగేండ్లు నిండనివారు. పదునాలుగు మొదలు పదునెనిమిది వఱకు వయసు గలవారిని చట్టము "కౌమారులు"గా వేఱుపఱచి, అపాయకరములగు పనులలో పెట్టరాదని చెప్పినది; పైన చెప్పిన ఐదుగంటల లెక్కయు ఇరువది వంతుల నిక్షేపమును బాలలకై వ్రాసినవి. అనగా మనకు జాబు వ్రాసిన సోదరి కుమార్తెవంటి పదునైదేండ్ల పిల్లకు ఆ కవచము పూర్తిగా కప్పదు. చట్టము వ్రాయనిచోట తల్లి వ్రాయవలెను. దినమున కిన్ని గంటలు, రాత్రి యిన్ని గంటలకు మించరాదు, పరీక్షల మాసమున పని లేదు, తోడు మనిషి యుండును, వేఱు గది యుండవలెను, ఇట్టి దుస్తులు, ఇట్టి ఘట్టములు కూడవు అని ఒప్పందములో ముందే చేర్పింపవలెను. ఇట్లడిగినచో వేషము పోవునని భయపడువారికి భానుమతిగారిని జ్ఞాపకము చేయుచున్నాము. 1939లో "వరవిక్రయం"తో తెరకు వచ్చునప్పటికి ఆమె పదునాలుగేండ్లు నిండని బాలిక. నాయకుడు కూతుని కౌగిలించు ఘట్టము లుండరాదని తండ్రి షరతు పెట్టెనని ప్రసిద్ధి. ఆ షరతువలన ఆమెకు వేషములు పోయినవా?

ఒప్పందమును గూర్చి మఱియొక చిక్కు. మన దేశమున పదునెనిమిదేండ్లు నిండనివారు చేసికొన్న ఒప్పందము చెల్లదు. సినిమాలో నటించుటకై ఒక మైనరు బాలిక తరఫున తండ్రి ప్రేమ్ అదీబ్‌గారితో చేసికొన్న ఒప్పందము భంగము కాగా వ్యాజ్యము బొంబాయి హైకోర్టుకు వచ్చెను. 1949 నాటి న్యాయనివేదికలలో ఆ తీర్పు కలదు. మైనరుచేత సేవ చేయింతునను ఒప్పందమే చెల్లదు కనుక దానినిబట్టి పరిహారము కోరరాదని తీర్పు. పిల్లకు రక్షగా పుట్టిన న్యాయమే ఆ పిల్లకు రావలసిన సొమ్మునకు అడ్డుపడినది! కాబట్టి పిల్ల విషయమున "తరువాత చూతము" అను మాటను నమ్మరాదు. కొంత సొమ్ము పనికి ముందు, కొంత పనినడుమ, మిగిలినది పని ముగిసిన పిమ్మట నిర్ణీతమైన తేదీకి రావలెను. పెద్ద మొత్త మైనచో వకీలునకు చూపక చేవ్రాలు చేయరాదు.

సొమ్ము వచ్చిన తరువాత? ఇచ్చట తల్లులమగు మనము మనలను మనమే కాచుకొనవలెను. 1921లో చార్లీ చాప్లిన్‌గారి "ది కిడ్" చిత్రమున నటించిన జాకీ కూగన్ అను బాలుడు ప్రపంచప్రఖ్యాతుడయ్యెను. లక్షలకొలది డాలర్లు గడించెను. పెద్దవాడై తన సొమ్మేమైనదని చూచుకొనగా తల్లియు మారుతండ్రియు వ్యయపఱచిరని తెలిసెను. 1938లో తల్లిపైననే దావా వేసెను. తుదకు దక్కినది లక్షా ఇరువదియాఱువేల డాలర్లు. ఆ మఱుసటి యేడు కాలిఫోర్నియాలో పిల్లల సంపాదనలో కొంత వేఱుగా దాచవలెనని చట్టము పుట్టినది. నేటికిని దానిని కూగన్ చట్ట మనియే పిలుచుచున్నారు. మన ఇరువది వంతుల నియమమునకును భావ మదియే. పిల్ల సొమ్ముతో ఇల్లు గడపుట మొదలైననాడు, "నా కిది యిష్టము లేదు, మానెదను" అని చెప్పు స్వాతంత్ర్యము పిల్లకు పోవును. నెలవాయిదా పిల్ల వేషముమీద నిలిచిన యింట తల్లి ఎంత మంచిదైనను "ఈ యొక్కటి చేయుము తల్లీ" అనక తప్పదు. పిల్ల పేర ఖాతా తెఱచి, ప్రయాణములకు దుస్తులకు అయిన ఖర్చులు వ్రాసియుంచి, మిగిలినది ముట్టకుండుటయే మేలు. ఆ ఖాతాపుస్తకమును పిల్లకు చూపుచుండవలెను. తన పనికి వెలయెంతో తెలిసిన పిల్లను మోసగించుట కష్టము.

నిరాశను గూర్చి యెక్కువ వ్రాయము. పది ఆడిషనులకు పోయిన ఒకటి తగులుట యదృష్టమే. సావిత్రిగారికి 1950లో "సంసారం" చిత్రమున నాయిక పాత్ర చేతికందినట్లే అంది జాఱిపోయి చిన్నవేషము మిగిలినది. మఱుసటియేట "పాతాళభైరవి"లో ఒక్క నృత్యము. 1953లో "దేవదాసు" పార్వతి. నడుమ గడచిన మూడేండ్లు ఆమె యేమి చేసిరో పిల్లల నూహింపుమనుడు. ఎన్నుకొనకపోవుటకు కారణము చాలమాఱులు ఎత్తో, అన్నగా నటించువాని పోలికయో, కంపెనీవారి మనసు మాఱుటయో యగును. ఎందుకు కాలేదని వారిని వెంబడించి యడుగరాదు. ఇంట తల్లి ముఖము చిన్నబోకుండుట ముఖ్యము. పిల్ల మొదట చూచునది దానినే.

మగపిల్లల తల్లులు ఇద్దఱు ఒకే ప్రశ్న వ్రాసిరి: డబ్బింగులో చిన్నపిల్లల గొంతుకలకు పని దొరకుచున్నది, మావానికి పదమూడేండ్లు వచ్చి గొంతు పగులుచున్నది, ఏమి చేయవలెనని. కొన్ని నెలలు విశ్రాంతి యిండు. పాత గొంతుకను తెచ్చుటకై కీచుగా అఱపింపవలదు, గొంతు చెడును. ఆ కాలమున చదువుకొనును, నాటకము వ్రాసికొనును. క్రొత్త గొంతు కుదిరిన పిమ్మట క్రొత్తగా పోవచ్చును.

పిల్లకు సినిమాకై వేఱు పేరు పెట్టవలెనా యని యడిగిన సోదరికి: ఇప్పుడే తొందర లేదు. 1966లో "రంగుల రాట్నం"లో బాలనటిగా కనబడిన భానురేఖ తరువాత రేఖ యయ్యెను. పేరు కత్తిరించుటకు కాల మున్నది.

వచ్చు మాసమున పరీక్షల కాలపు నిద్రను గూర్చి ముచ్చటింతము. ఆ విషయమున ప్రశ్నలున్న సోదరీమణులు పదవ తేదీలోగా వ్రాయగోరుచున్నాము.